పంపినవారు

కమ్మర్‌పల్లిలో ఆయనను అందరూ పటేల్ అనే పిలుస్తారు. మూడెకరాల పసుపు, రెండెకరాల మక్క. కొడుకు దుబాయ్‌లో ఉంటాడు. ఇంట్లో తను, భార్య.

దళారి అన్న మాట చెవిన పడితే పటేల్‌కు కోపం వస్తుంది. పసుపు తొమ్మిది నెలల పంట. తవ్వాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టించాలి. అంతా అయ్యాక నిజామాబాద్ యార్డుకు తీసుకుపోతే కొమ్ముకో ధర, మండకో ధర. ఆ ధరలో నుంచి మళ్లీ అడ్తి, హమాలీ, కడ్తా. 2019 పార్లమెంటు ఎన్నికల్లో పసుపు బోర్డు కావాలని 178 మంది రైతులు నిజామాబాద్ బరిలో నిలబడ్డారు. అందులో చుట్టపాయన ఒకడుంటే అతని డిపాజిట్టు 25,000కు పటేల్ కూడా చందా వేశాడు. 2025 జనవరిలో బోర్డు వచ్చింది. నిజామాబాద్‌లోనే వచ్చింది.

"బోర్డు వచ్చింది. నడుమిట్లోడు యాడికి వోలే" అని పటేల్ బస్టాండు కాడి హోటల్లో అంటుండేవాడు.

ఆ వానాకాలం పటేల్ భార్యకు కడుపులో మంట మొదలైంది. రాత్రిపూట ఎక్కువ. ఊళ్లో ఆర్‌ఎంపీ ఉన్నాడు. ఫోన్ చేస్తే మోటార్ సైకిల్ మీద ఇంటికే వస్తాడు. నూరు రూపాయలు. అందులోనే సూది, మూడు రోజుల గోలీలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అయితే ఆ నూరు కూడా అక్కర్లేదు, రక్తం ఇస్తే పరీక్షలు కూడా ఉట్టిగనే చేస్తారు. కానీ అక్కడికి మనిషి పోవాలి. ఆర్‌ఎంపీ అయితే తనే వస్తాడు.

నాలుగుసార్లు వచ్చాడు. మంట తగ్గలేదు. అయిదోసారి సంచిలో నుంచి ఒక కార్డు తీశాడు. ఖలీల్‌వాడిలోని ఒక దవాఖాన కార్డు. దాని వెనక తన పేరు రాశాడు.

"కాకా, నిజామాబాద్ తీస్కపో. కౌంటర్ల నా పేరు చెప్పు. మంచిగ అర్సుకుంటరు."

మరునాడు పొద్దున్నే బస్సెక్కారు. భార్యకు జీరో టికెట్టు. పటేల్ తన టికెట్టు కొనుక్కున్నాడు. మోర్తాడ్, ఆర్మూర్ దాటి పది గంటలకల్లా ఖలీల్‌వాడిలో ఉన్నారు. ఆ వీధుల్లో ఇంటికో దవాఖాన బోర్డు, రెండు బోర్డుల మధ్య ఒక మందుల షాపు. కార్డు పట్టుకుని అడుగుతూ పోతే దొరికింది.

కౌంటర్ దగ్గర ఒక పిల్ల కూర్చుని ఉంది. ముందు పొడుగాటి రిజిస్టరు. పటేల్ కళ్లజోడు పెట్టుకుని అందులోకి చూశాడు. లెక్కల పుస్తకం కనబడితే చదవకుండా ఉండలేడు. గడులు గీసి ఉన్నాయి. వరుస నంబరు. పేరు. వయసు. ఊరు. పంపినవారు. ఫీజు.

"ఎవరు పంపిండ్రు?" అంది పిల్ల.

పటేల్ కార్డు ఇచ్చాడు. ఆ పిల్ల కార్డు తిప్పి, వెనక ఉన్న పేరును అక్షరం అక్షరం చూసుకుంటూ గడిలో ఎక్కించింది. సరిగ్గా రాశానా లేదా అని మళ్లీ ఒకసారి కార్డుతో పోల్చుకుంది. పటేల్ భార్య పేరు మాత్రం ఒక్కసారే అడిగి, తప్పు రాసింది.

రోగం రాయడానికి ఆ రిజిస్టరులో గడి లేదు.

ఓపీ 400. చీటీ పది రోజులు చెల్లుతుంది. డాక్టర్ మర్యాదగానే చూశాడు. పొట్ట నొక్కి చూశాడు, నాలుక చూశాడు, పరీక్షలు రాశాడు. రక్త పరీక్షలు వెయ్యి, స్కానింగ్ వెయ్యి, ఎండోస్కోపీ రెండు వేలు. రిపోర్టులు వచ్చాక కడుపులో పుండు పడిందని చెప్పి నెలకు సరిపడా గోలీలు రాశాడు. అవి కింద వాళ్ల షాపులోనే దొరికాయి. 1,150.

పటేల్ లేచేముందు ఒక మాట అడిగాడు.

"సారూ, ఆర్‌ఎంపీ నూరు తీస్కుంటడు. ఆర్మూర్ల డాక్టర్ రెండు నూర్లు. మీరు నాలుగు నూర్లు. ఒక్క కడుపు నొప్పికి గిన్ని ధరలెట్ల?"

డాక్టర్ నవ్వాడు. విసుక్కోలేదు.

"ఆర్మూర్ల ఆయన ఎంబీబీఎస్. నేను ఎండీ. చదువుకు ఇంకో మూడేండ్లు, సీటు దొరకక మధ్యల రెండేండ్లు. ఈ బిల్డింగు కిరాయి, స్కానింగ్ మిషన్ కిస్తీ, నర్సుల జీతాలు. హైదరాబాద్‌ల పెద్ద దవాఖానకు పోతే ఇదే మాటకు ఎనిమిది నూర్లు తీస్కుంటరు. నిజం చెప్పాల్నంటే ఓపీ మీద ఏ దవాఖాన నడవది పటేలా."

దేనిమీద నడుస్తుందో పటేల్ అడగలేదు. డాక్టర్ చెప్పలేదు.

మొత్తం 5,550. కొడుకు దుబాయ్ నుంచి ఆ సాయంత్రమే పంపాడు. నెల గోలీలు మింగితే భార్యకు మంట తగ్గింది. అక్కడికి ఆ సంగతి అయిపోవాలి.

అయిపోలేదు. నెలన్నర తర్వాత పటేల్ మరదలికి అదే బాధ వచ్చింది. ఆమె కొడుకు సెలవు మీద దుబాయ్ నుంచి వచ్చి ఉన్నాడు. ఆర్‌ఎంపీని పిలవకుండా తల్లిని నేరుగా అదే దవాఖానకు తీసుకుపోయాడు. అదే డాక్టర్. అవే పరీక్షలు. సాయంత్రం బిల్లు పటేల్ చేతికి ఇచ్చాడు.

ఓపీ 400. పరీక్షలు 2,800.

పటేల్ ఇంట్లోకి పోయి తన బిల్లు తెచ్చాడు. రెండూ పక్కపక్కన పెట్టి వరుసగా చూశాడు. పరీక్షల పేర్లు ఒక్కటీ తేడా లేవు. తన బిల్లులో 4,000.

"నీకెట్ల తగ్గిందిరా?"

"ఎవరు పంపిండ్రని అడిగింది పెద్దనాయినా. ఎవ్వరు పంపలే, నేనే వచ్చిన అన్న. మల్ల ఏమన్న తగ్గియ్యరా అన్న. లోపలికి వోయి అడిగొచ్చింది. పన్నెండు నూర్లు కొట్టేసింది."

పటేల్‌కు కాగితం, పెన్ను అక్కర్లేదు. యార్డులో నలభై ఏళ్లుగా నూటికెంత అన్న లెక్కలోనే బతికాడు.

"నూటికి ముప్ఫై" అన్నాడు.

తమ్ముని కొడుకు వారం తర్వాత దుబాయ్ వెళ్లిపోయాడు. ఆ వారంలోనే పటేల్ ఆర్‌ఎంపీ ఇంటికి పోయాడు. రెండు బిల్లులు మంచం మీద పరిచాడు.

"నా పెండ్లం కడుపుల పుండు మీద నీకు పన్నెండు నూర్లు ముట్టినయ్. అవునా, కాదా?"

ఆర్‌ఎంపీ కాదనలేదు. లోపలి నుంచి ఒక ఖాతా బుక్కు తెచ్చి పటేల్ ముందు పెట్టాడు. ఊళ్లో సగం పేర్లు అందులో ఉన్నాయి. నూరు, రెండు నూర్లు, నూటయాభై. కొన్ని రెండేళ్ల కిందటివి. పటేల్ పేరు మీద కూడా నాలుగు నూర్లు ఉంది.

"పసుపు అమ్మినంక ఇస్తమంటరు. మక్కలు అమ్మినంక ఇస్తమంటరు. నూరు రూపాయలల్ల సూదికి, గోలీలకు అరవై వోతయ్. పెట్రోల్ నాదే. రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఏ ఎండీ వస్తడు కాకా? నేను మూడు నూర్లు తీస్కుంట, అప్పుడు ఏ దవాఖాన పైసా ముట్ట. పిలుస్తవా?"

పటేల్ ఆలోచించాడు. "పిలువ" అన్నాడు.

"మల్ల?"

దానికి పటేల్ దగ్గర జవాబు లేదు. బాకీ నాలుగు నూర్లు అక్కడే లెక్కపెట్టి ఇచ్చి లేచాడు.

హోటల్లో ఈ సంగతి నాలుగు రోజులు నడిచింది. ఆరోగ్యశ్రీ పది లక్షలకు పెంచారు కదా అని ఒకరన్నారు. అది బెడ్డు మీద పడుకున్నోళ్లకు, ఓపీ చీటీకి కాదు అని ఇంకొకరన్నారు. రిటైరైన హెడ్ మాస్టర్ పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"రోగిని పంపినందుకు డాక్టర్ కమీషన్ ఇయ్యద్దు, తీస్కోవద్దు అని మెడికల్ కౌన్సిల్ 2002లనే రూల్ రాసింది. ఏ పనికి ఎంతనో రేట్లు తెలుగుల, ఇంగ్లీషుల బోర్డు మీద రాసి పెట్టాలని 2012ల కేంద్రం రూల్ తెచ్చింది."

"బోర్డు ఉన్నది సార్" అన్నాడు పటేల్. "నేను చూసిన. ఓపీ నాలుగు నూర్లు అని ఉన్నది."

"కమీషన్?"

"అది బోర్డు మీద లేదు. రిజిస్టర్ల ఉన్నది."

ఆ రోజు హోటల్లోనే పటేల్ అందరికీ వినబడేలా చెప్పాడు. ఇకమీదట నిజామాబాద్ పోయే ఎవరైనా సరే, ఆర్‌ఎంపీ కార్డు పట్టుకుని పోవద్దు. కౌంటర్లో అడిగితే ఎవరూ పంపలేదని చెప్పాలి. చెప్పడానికి మొహమాటపడేవాళ్లుంటే తనను పిలవాలి, తోడు వస్తాడు.

మొదట ఒక బీడీలు చేసే ఆమె పిలిచింది. కీళ్ల నొప్పులు. పటేల్ తోడు పోయాడు. కౌంటర్లో తనే మాట్లాడాడు. పరీక్షల బిల్లులో తొమ్మిది వందలు తగ్గాయి. రెండోసారి ఒక ముసలాయన. దమ్ము. వెయ్యి పైన తగ్గింది. ఇద్దరూ ఊళ్లో చెప్పుకున్నారు.

మూడోసారి పోయినప్పుడు దవాఖాన పీఆర్వో బయటికి వచ్చాడు. ఊరూరూ తిరిగి ఆర్‌ఎంపీలను కలిసేది, నెల నెలా లెక్క తేల్చేది అతనే. పటేల్‌ను పక్కకు పిలిచి చాయ్ తాగించాడు. ఇద్దరూ మెట్ల కింద నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. పటేల్ చెయ్యి ఒకటి రెండుసార్లు గట్టిగా ఊపాడు. తిరిగి వచ్చాక బెంచీ మీది మనిషితో "ఒప్పిచ్చిన" అన్నాడు. ఆ రోజు 4,000 బిల్లుకు 400 తగ్గింది.

అప్పటి నుంచి పద్ధతి కుదిరింది. వారానికి రెండు రోజులు పటేల్ పొద్దున బస్సుకు వచ్చి నిలబడేవాడు. ఎక్కువగా ఆడవాళ్లే వచ్చేవారు, వాళ్లకు టికెట్టు లేదు. పటేల్ తన టికెట్టు తనే కొనుక్కునేవాడు. రోగి దగ్గర చాయ్ కూడా తాగేవాడు కాదు. దవాఖానకు చేరగానే "మీరు కూసోండ్రి, చీటీ నేను రాయిస్త" అని కౌంటర్ దగ్గరికి తనొక్కడే పోయేవాడు. ఆ పిల్ల కూడా ఆయనకు అలవాటుపడింది. ఎవరు పంపిండ్రని కమ్మర్‌పల్లివాళ్లను అడగడం మానేసింది.

మొదట వెయ్యి దాకా తగ్గిన బిల్లు తర్వాత నాలుగు వందలు, మూడు వందలే తగ్గేది. ఆర్‌ఎంపీ కార్డుతో పోయినప్పుడు అదీ తగ్గలేదు కదా అని జనం సంతోషించారు. లెక్కలు పోల్చగలిగిన ఒక్కడు దుబాయ్‌లో ఉన్నాడు.

దీపావళి పోయాక పటేల్ భార్యకు మళ్లీ కొంచెం మంట అనిపించింది. కొడుకు ఫోన్ చేసి, అమ్మకు పరీక్షలన్నీ మళ్లీ చేయించు, ఎంతైనా కానీ అన్నాడు. పటేల్ చేయించాడు. కొడుకు పైసలు పంపాడు. పుండు మానింది అని డాక్టర్ చెప్పాడు.

ఊళ్లో పటేల్ పేరు పెరిగింది. సర్పంచ్‌గా నిలబడమన్నవాళ్లున్నారు. దళారిని ఎదిరించినోడు అని హోటల్లో చెప్పుకునేవారు. హెడ్ మాస్టర్ అయితే ఒక సన్మానం చేద్దామని శాలువా కూడా కొని పెట్టాడు. పటేల్ వద్దన్నాడు. "పది మందికి పనికొస్తే చాలు" అన్నాడు.

ఆర్‌ఎంపీ పరిస్థితి వేరు. సూదులకు పిలిచేవాళ్లు పిలుస్తూనే ఉన్నారు, నూరు రూపాయలే ఇస్తున్నారు, ఖాతాలోనే రాయిస్తున్నారు. కార్డు ఇస్తే మాత్రం ఎవరూ తీసుకోవడం లేదు. నాలుగు నెలలు చూశాడు. మోటార్ సైకిల్ కిస్తీ ఆగింది. ఒకరోజు తనే బయలుదేరి ఖలీల్‌వాడి పోయాడు.

"నాకు రావాల్సింది ఏమన్న ఉన్నదా?" అని పీఆర్వోను అడిగాడు.

"నీ పేరు మీద పేషెంట్లేరి?"

"ఏడ ఉంటరు? మా ఊరి పటేల్ అందరికి చెప్తున్నడు, ఎవ్వరు పంపలేదని చెప్పున్రి అని. మా ఊరోళ్ల గడి ఖాళీగనే ఉంటది. నాకు లేకుంటే లేదు. జనానికన్న తగ్గుతున్నది గద."

పీఆర్వో ఏమీ అనలేదు. రిజిస్టరు తెచ్చి, పేజీలు వెనక్కి తిప్పి, ఆర్‌ఎంపీ వైపు పెట్టాడు.

కమ్మర్‌పల్లి వరుసలు చాలానే ఉన్నాయి. ఒక్క గడి కూడా ఖాళీగా లేదు. పంపినవారు: పటేల్. పంపినవారు: పటేల్. పంపినవారు: పటేల్. మొదటి ఇద్దరిని వదిలేస్తే మూడో మనిషి నుంచి అంతా అదే పేరు. అక్షరాలు గుండ్రంగా, జాగ్రత్తగా ఉన్నాయి.

"నువ్వు ముప్ఫైకి తక్కువ రానంటివి" అన్నాడు పీఆర్వో. "ఆయన ఇరవై చాలన్నడు. పది పేషెంట్లకు తగ్గియ్యమన్నడు. మాకు పడేది అదే ముప్ఫై."

ఆర్‌ఎంపీ వేలు పెట్టి ఒక్కో పేరూ చదువుకుంటూ పోయాడు. అందరూ తను సూదులు వేసినవాళ్లే. దీపావళి తర్వాతి పేజీలో ఒక వరుస దగ్గర వేలు ఆగింది. వయసు 58. ఊరు కమ్మర్‌పల్లి. పంపినవారు: పటేల్.

"ఈమె ఆయన పెండ్లమే గద?"

"అవు" అన్నాడు పీఆర్వో. "ఆ పైసలు కొడుకు దుబాయ్ నుంచి పంపిండట. అండ్ల తగ్గియ్యుడు ఎందుకన్నడు. ఆ ఒక్క బిల్లుకు ముప్ఫై తీస్కున్నడు."